మా నాన్న చెప్పిన ‘తెలుగు జనరల్ సాబు’: కె.వి. కృష్ణారావు గారి గురించి తెలిసినవాళ్లు రాయండి

ఉద్దానం_కొబ్బరి:
అందరికీ నమస్తే. నాన్న పోయి మొన్న కార్తీకానికి ఏడాది. సంవత్సరీకం అయ్యాక అమ్మ, నేను కూర్చుని ఆయన నల్ల ట్రంకు పెట్టె తెరిచాం. మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు, పేరు ఇంకా అలాగే ఉన్నాయి. లోపల కలరా ఉండల వాసన, ఒక ఊలు దుప్పటి, డిశ్చార్జి పుస్తకం, చిన్న గుడ్డ సంచిలో మూడు పతకాలు. వాటిలో ఒకటి ఐదు మొనల నక్షత్రం, వెనక నాన్న నంబరు చెక్కి ఉంది. అది ఏమిటో మాకెవరికీ తెలీదు.

నాన్న సైన్యంలో సిగ్నల్స్‌లో, అంటే ఫోన్లు, వైర్లెస్ చూసే విభాగంలో చేశాడు, 1971 యుద్ధంలో సిల్హెట్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) వైపు వెళ్లాడు. యుద్ధం గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. అడిగితే, వైర్లు లాగాం, వానలో తడిశాం, అంతే అనేవాడు. కానీ ఒక్క మాట మాత్రం వందసార్లు చెప్పి ఉంటాడు, మా డివిజన్ సాబు మన తెలుగాయన, తర్వాత మొత్తం సైన్యానికే పెద్ద అయ్యాడు అని. ఆయనతో నాన్న ఎప్పుడూ మాట్లాడలేదు, అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారేది. ఆయన జనరల్ కె.వి. కృష్ణారావు అని నాకు తెలుసు, అంతకుమించి తెలీదు. మా పిల్లలకి అసలే తెలీదు. తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను.

మాజీ_సుబేదార్:
అమ్మా, ఆ నక్షత్రం పేరు పూర్వీ స్టార్. 1971 డిసెంబరు 3 నుంచి 16 దాకా తూర్పు రంగంలో యుద్ధంలో ఉన్నవాళ్లకి ఇచ్చారు. పడమటి వైపు పోరాడినవాళ్లకి ఇచ్చింది పశ్చిమీ స్టార్. పక్కన ఉన్న గుండ్రటి వాటిలో ఒకటి సంగ్రామ్ మెడల్ అయి ఉండాలి, చూడండి. గట్టిగా తోమి మెరిపించకండి, రిబ్బన్ ఊడితే అలాగే ఉంచండి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

మీ నాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అప్పుడు 8 మౌంటెన్ డివిజన్ జీఓసీ, అంటే ఆ డివిజన్‌ని నడిపే అధికారి, మేజర్ జనరల్ కృష్ణారావు గారే. నేను ఆయన కింద చేయలేదు, నేను చేరేసరికి ఆయన చీఫ్. సిల్హెట్ సంగతి రాత్రికి కూర్చుని రాస్తాను, అది రెండు లైన్లలో తేలేది కాదు.

పాత_కాగితాలు:
ఈయన మీద నాకు పదేళ్లుగా ఆసక్తి ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

1923 జులై 16న పుట్టారు. 1942 ఆగస్టు 9న, అంటే ఇంకా ఇరవై నిండకుండానే, మహర్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా కమిషన్ పొందారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు పంజాబ్‌లో డ్యూటీ. ఆ వెంటనే 1947-48 కాశ్మీర్ యుద్ధం. అంటే పాతికేళ్లు నిండేలోపు ఆ మనిషి ఒక ప్రపంచ యుద్ధాన్ని, దేశ విభజనను, కొత్త దేశం చేసిన మొదటి యుద్ధాన్ని చూసేశారు. మన ఇళ్లలో పాతికేళ్ల పిల్లలు ఏం చేస్తున్నారో ఒకసారి ఊహించుకోండి. పిల్లల్ని తప్పుపట్టడానికి కాదు, ఆ కాలం అలాంటిది అని చెప్పడానికి అంటున్నాను.

తర్వాత 1949 నుంచి 1951 దాకా డెహ్రాడూన్‌లో క్యాడెట్లకు పాఠాలు చెప్పారు. ఇప్పుడు ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అప్పట్లో అక్కడే మొదలైంది, ఆయన తొలి శిక్షకుల్లో ఒకరు. 1956-59లో 3 మహర్ బెటాలియన్ కమాండర్‌గా జమ్మూ కాశ్మీర్‌లో ఉన్నారు. 1960-63లో మళ్లీ అక్కడే ఒక డివిజన్‌లో స్టాఫ్ ఆఫీసర్. 1965-66లో లడఖ్‌లో బ్రిగేడ్, 1969-70లో జమ్మూ వైపు డివిజన్, 1974-78లో మళ్లీ జమ్మూ వైపే కోర్. ఇవన్నీ ఒకచోట రాసుకుని చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. తర్వాత గవర్నర్‌గా ఉన్న కాలం కూడా కలిపితే, ఈ తెలుగాయన జీవితంలో పదిహేనేళ్లకు పైనే జమ్మూ కాశ్మీర్‌లో గడిచింది. కాశ్మీర్ ఆయనకి ఒక పోస్టింగ్ కాదు, సగం జీవితం.

1981 జూన్ 1న సైన్యాధ్యక్షులయ్యారు, 1983 జులై 31న రిటైరయ్యారు. చివరి ఏడాదికి పైగా త్రివిధ దళాధిపతుల కమిటీకి ఛైర్మన్ కూడా. 2016 జనవరి 30న ఢిల్లీలో ఆర్మీ ఆస్పత్రిలో పోయారు, అప్పటికి 92 ఏళ్లు.

మాధవరం_మనవడు:
మహర్ రెజిమెంట్ అనగానే ఆగిపోయాను. మాది మిలటరీ మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మా ఊళ్లో ఇంటికొకరు సైన్యంలో ఉన్నవాళ్లే, రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్లారు, మా తాత కూడా. మావాళ్లంతా మద్రాస్ రెజిమెంటో, బెంగళూరు శాపర్సో, ఆర్టిలరీనో. ఒక తెలుగు ఆఫీసరు మహర్ రెజిమెంట్‌కి ఎలా వెళ్లారు?

పాత_కాగితాలు:
ఆఫీసర్లకి ఆ లెక్క వర్తించదు బాబూ. జవాన్లని ప్రాంతం, కులం చూసి రెజిమెంట్‌లోకి తీసుకునేవారు కానీ ఆఫీసరు ఎక్కడివాడైనా ఏ రెజిమెంట్‌కైనా వెళ్లొచ్చు, అప్పుడూ ఇప్పుడూ అంతే. అయితే మహర్ రెజిమెంట్ సంగతి వేరు. మహర్లు అంటే మహారాష్ట్రలోని ఒక దళిత కులం. వాళ్లని సైన్యంలోకి తీసుకోవడం బ్రిటిష్‌వాళ్లు మధ్యలో ఆపేశారు. వాళ్లని మళ్లీ తీసుకోవాలని అంబేడ్కర్ గట్టిగా పట్టుబట్టారు, 1941 అక్టోబరులో బెల్గాంలో మొదటి బెటాలియన్ లేచింది. కృష్ణారావు గారు చేరింది ఆ మరుసటి ఏడాదే, అంటే రెజిమెంట్ నడక నేర్చుకుంటున్న రోజుల్లో. అంటరానివాళ్లని సమాజం పక్కన పెట్టిన మనుషులతో కలిసి తిని, కలిసి పడుకుని, వాళ్లని యుద్ధంలో నడిపించిన కుర్రవాడు ఈయన. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. ఆ రెజిమెంట్ నుంచి తర్వాత ఇద్దరు సైన్యాధ్యక్షులు వచ్చారు, ఈయన ఒకరు, సుందర్జీ ఇంకొకరు.

నెల్లూరు_కుర్రాడు:
ఒక డౌట్ అండీ, తప్పయితే క్షమించండి. 1942 ఆగస్టు 9 అంటే క్విట్ ఇండియా కదా. గాంధీని అరెస్ట్ చేసిన రోజు. మా ఊళ్లో అప్పుడు రైలు పట్టాలు పీకారని మా తాత చెప్పేవాడు. అదే రోజు ఈయన బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్ అయ్యారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మాజీ_సుబేదార్:
తప్పేమీ లేదు బాబూ, అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజుల్లో మన దేశంవాళ్లు ఇరవై అయిదు లక్షల మంది దాకా ఆ సైన్యంలో ఉన్నారు. తిండి కోసం చేరినవాళ్లు కొందరు, జపాన్‌వాళ్లు బర్మా దాటి వస్తున్నారని చేరినవాళ్లు కొందరు, ఆఫీసరు పని నేర్చుకుంటే రేపు మన సైన్యాన్ని మనమే నడుపుకోవచ్చని చేరినవాళ్లు ఇంకొందరు. అదే 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి, మీ తాతగారిని అడిగితే ఆ భయం కూడా చెప్పేవారు. పట్టాలు పీకినవాడూ మనవాడే, యూనిఫాం వేసుకున్నవాడూ మనవాడే. 1947 ఆగస్టు తర్వాత ఆ శరణార్థుల రైళ్లకి కాపలా కాసింది ఎవరు మరి? ఆ యూనిఫాం వేసుకున్నవాళ్లే కదా.

మాధవరం_మనవడు:
మా తాత మాట సరిగ్గా ఇదే సార్. ఆయనకి కాంగ్రెస్ అంటే ప్రాణం, ఫ్రంట్‌కి వెళ్లాడు కూడా. మా ఊళ్లో స్తంభం మీద పేర్లు చూపించి, వీళ్లు ఎవరి కోసం పోయారో అప్పుడు వాళ్లకీ పూర్తిగా తెలీదు, కానీ పోయారు అనేవాడు.

మాజీ_సుబేదార్:
ఇక సిల్హెట్. అమ్మా, ఇది మీ అమ్మగారికి చదివి వినిపించండి.

8 డివిజన్ అప్పుడు నాగాలాండ్‌లో ఉండేది, తిరుగుబాటు డ్యూటీ. అక్కడి నుంచి బయటికి తీసి త్రిపుర, అస్సాం సరిహద్దుకి తెచ్చారు. డివిజన్ మొత్తం రాలేదు, నాగాలాండ్‌ని ఖాళీగా వదలలేరు కదా. 59, 81 రెండు బ్రిగేడ్లతోనే కృష్ణారావు గారు సిల్హెట్ ప్రాంతంలోకి దిగారు. పైన కోర్ కమాండర్ సగత్ సింగ్. ఆ నేలంతా టీ తోటలు, వాగులు, చిన్న గుట్టలు. టీ తోట దూరం నుంచి పచ్చగా అందంగా ఉంటుంది కానీ లోపల ప్రతి వరసా ఒక కందకంలా పనికొస్తుంది, ఎదురుగా కూర్చున్నవాడికి అది వరం. ఘాజీపూర్ టీ తోట దగ్గర మనవాళ్లు చాలామంది పోయారు. షంషేర్‌నగర్, కులౌరా, మౌల్వీబజార్, ఒక్కొక్కటీ అలా కొట్టుకుంటూ వెళ్లారు.

డిసెంబరు 7న 5 గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ని ఎంఐ-4 హెలికాప్టర్లలో ఎక్కించి సిల్హెట్ అంచున దించారు. మన సైన్యం హెలికాప్టర్లతో శత్రువు వెనక దిగడం అదే మొదటిసారి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ హెలికాప్టర్ల ఆలోచన ముఖ్యంగా సగత్ సింగ్ గారిది. సిల్హెట్ దాదాపు ఖాళీ అయిందని మనవాళ్ల అంచనా. దిగాక చూస్తే పట్టణం ఖాళీ కాలేదు సరికదా, ఇంకో పాకిస్తాన్ బ్రిగేడ్ కూడా మౌల్వీబజార్ నుంచి వెనక్కి తగ్గి అక్కడికే వచ్చింది. ఇటు ఒక బెటాలియన్, అదీ నిండుగా లేనిది, నాలుగు వందల లోపు మనుషులు. వాళ్లు తొమ్మిది రోజులు పట్టు వదల్లేదు. రేడియో వార్తల్లో గూర్ఖా బ్రిగేడ్ మొత్తం దిగిందని తప్పుగా వచ్చిందట, ఆ తప్పే మనవాళ్లకి కలిసొచ్చింది. సిల్హెట్‌లో లొంగిపోయినవాళ్లు ఆరు వేలకు పైన.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ‘వైర్లు లాగాం’ అన్నారు చూడండి, అది చిన్న మాట కాదు. డివిజన్ హెడ్‌క్వార్టర్స్ రోజూ ముందుకి జరుగుతుంటే లైన్ కూడా రోజూ జరగాలి. వెనక ట్రక్కులు, ట్యాంకులు తొక్కి లైన్ తెగుతుంది, రాత్రి చీకట్లో చేత్తో తడుముకుంటూ తెగినచోటు వెతికి ముడి వేయాలి. అక్కడ ఇంకా ఎవరు నక్కి ఉన్నారో తెలీదు, మందుపాతర ఎక్కడుందో తెలీదు. జనరల్ చేతిలో ఫోను మోగాలంటే ఎక్కడో ఒక లైన్‌మేన్ బురదలో ఉండాలి. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు అన్నారు, కానీ ఆ లైన్ మీదే కదా డివిజన్ మాటలన్నీ వెళ్లింది.

ఉద్దానం_కొబ్బరి:
సార్, చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు, లేచి వెళ్లి ఆ నక్షత్రం తెచ్చి చేతిలో పట్టుకుని కూర్చుంది. నాన్న కుడి చేతి వేళ్ల మీద సన్నటి గీతల్లాంటి మచ్చలు ఉండేవి, అవి కొబ్బరి పీచు వల్ల అనుకునేదాన్ని చిన్నప్పుడు. అమ్మ ఇప్పుడు చెప్పింది, పెళ్లికి ముందు నుంచే ఉన్నాయట.

జమ్మూ_జ్ఞాపకం:
నేను కూడా రాస్తాను. మావారు ఆర్మీ, 1994 నుంచి 96 దాకా మేం జమ్మూలో ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉన్నాం. గవర్నర్ మన తెలుగాయన అని మా తెలుగు కుటుంబాల్లో ఒక ధైర్యం ఉండేది, ఎందుకో చెప్పలేను, ఆయన మాకేమీ చేయలేదు, మేం ఆయన్ని కలవలేదు. 1995 జనవరి 26న మౌలానా ఆజాద్ స్టేడియంలో ఆయన గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది పోయారు. ఆయనకి ఏమీ కాలేదు. ఆ రోజు మా చిన్నదాన్ని తీసుకుని పెరేడ్ చూడ్డానికి వెళ్దామనుకున్నాం, జ్వరం వచ్చి ఆగిపోయాం. కబురు తెలిశాక మావారు ఇంటికి వచ్చేదాకా, సాయంత్రం ఆరున్నర దాకా, ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటికి గవర్నర్ గారికి డెబ్బై దాటాయి. ఆ వయసులో మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు.

వేరే_కోణం:
అందరూ మంచే రాస్తున్నారు, నేను కొంచెం వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. సైనికుడిగా ఆయన మీద నాకు గౌరవమే. కానీ గవర్నర్‌గా చేసిన కాలాన్ని కూడా నిజాయితీగా చూడాలి. జమ్మూ కాశ్మీర్‌కి మొదటిసారి 1989 జులైలో వచ్చారు. ఆ డిసెంబరులోనే కేంద్ర హోంమంత్రి కూతురిని ఎత్తుకుపోవడం, మిలిటెంట్లని వదిలేయడం, లోయ చేయి జారిపోవడం మొదలైంది. 1990 జనవరిలో ఆయన దిగిపోయి జగ్‌మోహన్ వచ్చారు, ఆ రాత్రి నుంచే పండిట్ల వలస. 1993 మార్చిలో పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా మళ్లీ ఆయన్నే పంపారు. ఆ ఏడాది అక్టోబరులో మిలిటెంట్లు లోపల ఉండగా శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గా ముట్టడి, అదే సమయంలో బిజ్‌బెహారాలో ఊరేగింపు మీద బీఎస్ఎఫ్ కాల్పులు, ఎంతోమంది మామూలు మనుషులు పోయారు. 1995 మేలో చరార్-ఎ-షరీఫ్ దర్గా తగలబడింది, లోపల ఉన్న మిలిటెంట్ నాయకుడు తప్పించుకున్నాడు. రాష్ట్రపతి పాలనలో గవర్నరే ప్రభుత్వం, కాబట్టి 1993 నుంచి జరిగినవి ఆయన ఖాతాలోకి కూడా వస్తాయి.

జమ్మూ_జ్ఞాపకం:
మీరన్నవన్నీ జరిగినవే. చరార్ తగలబడిన రోజు జమ్మూలో కూడా దుకాణాలు మూసేశారు, పాలవాడు రాలేదు. మా పక్క క్వార్టర్‌లో ఉండే కాశ్మీరీ పండిట్ ఆవిడ కూడా ఆ దర్గా కోసం ఏడ్చింది, నాకు అది వింతగా అనిపించి అడిగితే, ఆ దర్గా నుంద్ రిషిది, ఆయన మా అందరివాడు అంది.

పాత_కాగితాలు:
వేరే_కోణం గారూ, కోపం ఎందుకండీ, ఇది లేకపోతే ఆయన జీవితం సగమే చెప్పినట్టు. బిజ్‌బెహారా మీద నేను ఒక్క మాట కూడా సమర్థనగా రాయను. హజ్రత్‌బల్ విషయంలో మాత్రం ఒకటి గమనించాలి. ముట్టడి నెల రోజులు సాగింది, లోపలికి చొరబడకుండా, ఆ పవిత్ర స్థలానికి హాని జరగకుండా చర్చలతోనే ముగిసింది. 1984లో స్వర్ణ దేవాలయంలో ఏమైందో అందరికీ గుర్తున్న కాలం అది. ఇంకొకటి 1996. అప్పుడు లోక్‌సభ ఎన్నికలు, సెప్టెంబరులో అసెంబ్లీ ఎన్నికలు జరిగి, ఆరేళ్లకు పైగా సాగిన రాష్ట్రపతి పాలన ముగిసి ఫరూక్ అబ్దుల్లా మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికలు ఎంత స్వేచ్ఛగా జరిగాయన్నది వాదించుకోవచ్చు, జరిగాయన్నది వాస్తవం. ఆయన 1998 మే దాకా అక్కడే ఉన్నారు.

అంతకుముందు 1984 నుంచి 89 దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపుర మూడింటికీ ఆయనే గవర్నర్. 1988లో త్రిపురలో టీఎన్‌వీ అనే తిరుగుబాటు దళం వాళ్లు ఆయుధాలు దించిన ఒప్పందం ఆ కాలంలోనిదే.

నాకు మాత్రం ఆయన చేసిన అసలు పెద్ద పని ఎవరూ చెప్పుకోనిది. 1975లో సైన్యం రాబోయే పాతికేళ్లకి ఎలా ఉండాలో ఆలోచించమని ఒక నిపుణుల కమిటీ వేశారు, దానికి ఛైర్మన్ ఈయన. సుందర్జీ అందులో సభ్యుడు. కాలినడకన వెళ్లే పదాతిదళాన్ని ట్యాంకులతో సమానంగా పరిగెత్తే బళ్లలోకి ఎక్కించాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పుట్టింది. చైనా సరిహద్దులో సైన్యాన్ని వెనక కూర్చోబెట్టకుండా ముందుకు జరపాలన్న ప్రణాళిక కూడా ఆయన చీఫ్‌గా ఉన్నప్పటిదే. ఇవి ఫొటో తీయడానికి వీలైన పనులు కావు. ఒక గదిలో నెలల తరబడి కూర్చుని లెక్కలు వేసే పనులు. వాటి ఫలితం కనిపించేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు.

మాధవరం_మనవడు:
మద్రాస్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ అలాగే మెకనైజ్డ్ అయింది సార్! మా పెదనాన్న అందులోనే. రెజిమెంట్ మారిపోయిందని మొదట్లో చాలా బాధపడ్డారట, వందల ఏళ్ల బెటాలియన్ కదా. ఆ మార్పు వెనక ఒక తెలుగాయన ఉన్నారని ఆయనకి తెలుసో లేదో, ఈ ఆదివారం అడుగుతాను.

నెల్లూరు_కుర్రాడు:
నాది ఇంకో మాట. మా కాలేజీలో కర్నల్ సంతోష్ బాబు గారి ఫొటో ఉంది, గల్వాన్‌లో 2020 జూన్‌లో పోయిన సూర్యాపేట ఆయన. అందరికీ ఆయన తెలుసు, తెలియాలి కూడా. మేజర్ పద్మపాణి ఆచార్య గారి పేరు కూడా విన్నాం, కార్గిల్. కానీ నలభై ఏళ్లు యూనిఫాంలో ఉండి, ఐదు యుద్ధాల కాలం చూసి, ముసలితనంలో మంచం మీద పోయిన మనిషి పేరు మాకు ఎవరూ చెప్పలేదు. ప్రాణం ఇస్తేనే గుర్తుపెట్టుకుంటామా అనిపించింది. ఈ థ్రెడ్ చదివాక మా ఎన్‌సీసీ సార్‌ని అడిగాను. ఆయనకి తెలుసు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నారు.

మాజీ_సుబేదార్:
ఆ 8 డివిజనే 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో ఉంది బాబూ. తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాలు తిరిగి పట్టుకుంది ఆ డివిజనే. పద్మపాణి గారు పోరాడింది కూడా అక్కడే.

వేరే_కోణం:
పాత_కాగితాలు గారికి ధన్యవాదాలు. హజ్రత్‌బల్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, చరార్ గురించి నా అభిప్రాయం మారలేదు. ఆయన జ్ఞాపకాల పుస్తకం 2001లో వచ్చిందని చూశాను. తెలుగులోకి ఎవరైనా తెస్తే ఆయన వైపు నుంచి కూడా చదివి అప్పుడు మళ్లీ మాట్లాడతాను.

ఉద్దానం_కొబ్బరి:
అందరికీ చేతులెత్తి దండం. నాలుగు రోజులుగా రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఇదే పారాయణం. చిన్నోడు మ్యాప్‌లో సిల్హెట్ వెతికి, మౌల్వీబజార్ నుంచి అక్కడికి వేలు పెట్టి గీత గీశాడు.

ఇంకో సాయం కావాలి. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు ఒక అక్షరం తేడా పడింది, ఏడాదిగా తిరుగుతున్నాం. అలాగే నాన్న యుద్ధంలో ఏ యూనిట్‌తో ఎక్కడెక్కడ ఉన్నాడో కాగితం మీద దొరుకుతుందా?

మాజీ_సుబేదార్:
రెండూ అవుతాయమ్మా. సిగ్నల్స్ రికార్డ్స్ జబల్‌పూర్‌లో ఉంది. నాన్నగారి నంబరు, ర్యాంకు, డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీ నకలు, మరణ ధ్రువపత్రం, అమ్మగారి ఆధార్ జతచేసి అమ్మగారి సంతకంతోనే అర్జీ పెట్టండి. పేరు తేడాకి ఒక అఫిడవిట్ కావాలి. ముందు శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం) పట్టుకుని వెళ్లండి, వాళ్లు అర్జీ రాసి పెడతారు, ముద్ర వేసి పంపుతారు. స్పీడ్ పోస్టులోనే పంపండి, రసీదు దాచుకోండి. ఎక్కడ ఆగినా నాకు ఇక్కడే రాయండి.

ఉద్దానం_కొబ్బరి:
సరే సార్, సోమవారం వెళ్తాం.

ఇంకో సంగతి. మందసలో నాన్నతో కలిసి చేసిన ఒకాయన ఉన్నారని అమ్మకి నిన్న రాత్రి గుర్తొచ్చింది. ఎనభై దాటాయి, చెవి సరిగ్గా వినపడదట. ఫోన్ చేస్తే కోడలు మాట్లాడింది. సిల్హెట్ అని నేను అనగానే ఆవిడ మామయ్యా అని గట్టిగా అరిచి చెప్పింది, ఆయన వెనక నుంచి, లైన్‌మేన్ కూతురా, రమ్మను అన్నారు. ఆదివారం అమ్మని తీసుకుని వెళ్తున్నాను. నక్షత్రం కూడా తీసుకెళ్తాం, ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. ఆయన ఏం చెబితే అది ఇక్కడ రాస్తాను.